రేపటి పది మాటలు

చంటిదాని బడిలో ఆ రోజు టీచరమ్మ ఏడెనిమిది నిమిషాలు ఆపకుండా ఇంగ్లీషులో మాట్లాడింది. దాని తల్లి టైపిస్టు. ఆవిడ కూడా అంతసేపూ ఆపకుండా తలూపింది. నవ్వాల్సిన చోట నవ్వింది, ఎందుకైనా మంచిదని చివర్లో రెండుసార్లు థాంక్యూ మేడమ్ అంది. గేటు దాటగానే కూతురు చెయ్యి విదిలించుకుని, "నన్ను వెనక బెంచీకి మారుస్తానంటే సరే అంటావేంటమ్మా?" అని ఏడుపు మొహం పెట్టింది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

రోజంతా ఇంగ్లీషు టైపు చేసే మనిషికి ఇంగ్లీషు రాకపోవడమేంటని మీరడగొచ్చు. టైపు చెయ్యడం వేరు, తెలియడం వేరండీ. ఆవిడ పనిచేసేది లిఫ్టులు పరీక్షించే చిన్న కంపెనీలో. ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది, ఆ భవనానికి మాత్రం లిఫ్టు లేదు. ఆ జోకు వేయని మనిషి ఆ మెట్లెక్కలేదు. మెకానిక్కులు ఊరంతా తిరిగి, లిఫ్టుల తాళ్ళూ బ్రేకులూ తలుపులూ చూసి, పెన్సిలుతో చీటీల మీద నాలుగు ముక్కలు గీకి తెచ్చేవాళ్ళు. పాత రిపోర్టు ఒకటి ముందు పెట్టుకుని, అంకెలూ పేర్లూ మార్చి ఆవిడ కొత్తది టైపు చేసేది. మధ్యలో ఏముందో ఆవిడకి అక్కర్లేదు. ఆ ఉద్యోగం ఇప్పించింది స్వయానా బాబాయి. ఆ కంపెనీలో ఇరవయ్యేళ్ళుగా మెకానిక్కు.

బడిలో పరువు పోయిన మర్నాడు ఆవిడ కళ్ళు చూసి మేనేజరు, "ఏమ్మా, రాత్రి నిద్ర లేదా?" అని అడిగాడు. అడగడమే ఆలస్యం, ఆవిడ అంతా వెళ్ళగక్కేసింది. మేనేజరు గొంతు పెంచగా ఆ ఆఫీసులో ఎవరూ వినలేదు. కోపమొచ్చినా, నవ్వొచ్చినా అదే గొంతు. అంతా విని, "దీనికింత బాధెందుకమ్మా? రోజుకి పది మాటలు నేర్పుతాను. మామూలు మాటలు కాదు, పెద్దవాళ్ళు వాడే మాటలు. రెండు నెలల్లో ఆ టీచరమ్మే నీ ముందు తలూపుతుంది," అన్నాడు. ఆవిడకి ఏనుగెక్కినంత సంబరమైంది.

పద్ధతి ఇదీ. సోమవారం నుంచి గురువారం దాకా రోజూ పొద్దున్నే ఆయన చేత్తో రాసిన పది మాటల కాగితం బల్ల మీద ఉండేది, పక్కనే తెలుగులో అర్థాలు. శుక్రవారం కొత్త మాటలుండవు. నిన్నటి పది మాటలూ వచ్చేలా తెల్ల కాగితం మీద ఒక పేజీ రాయాలి. అంశం ఆయనే ఇస్తాడు. వాన, మా వంటింటి కిటికీ, ఆలస్యంగా వచ్చిన చుట్టం, ఇలాంటివి. కింద సంతకం పెట్టాలి. "సంతకం పెట్టి రాస్తే రాత మీద బాధ్యత వస్తుందమ్మా. తేదీ మాత్రం వదిలెయ్, దిద్దినప్పుడు నేను వేస్తాను," అనేవాడు. సోమవారానికల్లా ఎర్ర సిరాతో దిద్ది, పక్కన ‘బాగుంది’ అని రాసి తిరిగిచ్చేవాడు. ఈ రోజుల్లో ఒక మేనేజరు తన కింద పనిచేసే మనిషి కోసం ఇంత తీరిక చేసుకుంటాడా? ఆవిడైతే దేవుడే పంపాడనుకుంది.

ఇంట్లో ఇక ఇంగ్లీషు దండయాత్ర మొదలైంది. అంట్లు తోముతూ అబండెంట్, బట్టలు మడతపెడుతూ మెటిక్యులస్. చంటిది కాగితం పట్టుకుని కుర్చీ ఎక్కి అప్పజెప్పించుకునేది. ఇంటాయన, "ఇకనుంచి గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇంగ్లీషులోనే అడుక్కోవాలా ఏంటి?" అని ఏడిపించేవాడు. తొలివాన పడ్డప్పుడు మట్టి వాసనకి ఇంగ్లీషులో ఒక మాటుందని, దాన్ని పెట్రికోర్ అంటారని తెలిసిన రోజు ఆవిడ ఎంత పొంగిపోయిందో! ఆ వాసన చిన్నప్పటి నుంచీ పీలుస్తూనే ఉంది, దానికి ఒక పేరుందంటే ఎవరో తనకే కానుక ఇచ్చినట్టనిపించింది. ఆ మాటల్ని ఆవిడ నిజంగా ప్రేమించిందండీ, అది మాత్రం మరిచిపోకండి. ఐదో వారంలో మళ్ళీ బడికి వెళ్ళి, మా అమ్మాయి మెటిక్యులస్‌గా చదువుతుంది మేడమ్, వెనక బెంచీ తనకి కరెక్టు కాదు, అని ఇంగ్లీషులోనే చెప్పింది. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. చంటిది ముందు బెంచీకి వచ్చేసింది.

ఒక్క బాబాయే ఆనందపడలేదు. ఒకరోజు చీటీ ఇవ్వడానికి వచ్చి, బల్ల మీద మాటల కాగితం చూసి ఆగిపోయాడు.

"ఎందుకమ్మడూ నీకివన్నీ?" అన్నాడు.

"నువ్వు నేర్చుకోకపోగా నన్నూ వద్దంటావేంటి బాబాయ్?" అని ఆవిడ నవ్వింది.

బాబాయి ఇంకేదో అనబోయాడు. మేనేజరు గది తలుపు చప్పుడవగానే నోరు మూసుకుని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళకి కుళ్ళు కూడా ఉంటుందా అనుకుందావిడ. ఆ తర్వాత బాబాయి చీటీలు ఆవిడ చేతికివ్వడం మానేసి, తలుపు దగ్గర ట్రేలో పడేసి పోయేవాడు.

ఆరో వారం నుంచి మాటల రంగు మారింది. వానలూ వెన్నెలలూ పోయాయి. మార్జినల్, నామినల్, సూపర్‌ఫీషియల్, నెగ్లిజిబుల్, టాలరబుల్. కాగితం రెండుసార్లు చదివి ఆవిడ మేనేజరు గదిలోకి వెళ్ళింది. "సార్, ఇవన్నీ అటూ ఇటూ తిప్పి ‘ఏం ఫర్వాలేదు’ అనడానికే కదా?" అంది. ఆయన ముసిముసిగా నవ్వి, "ఎంత తొందరగా పట్టేశావమ్మా! ఇంతకు ముందున్న అమ్మాయికి నెల పట్టింది," అన్నాడు. ఇంతకు ముందున్న అమ్మాయి సంగతి ఆవిడ అదే మొదటిసారి వినడం. పెళ్ళై వెళ్ళిపోయిందని ఆఫీసులో అన్నారు. ఎవరితో, ఎక్కడికి అంటే మాత్రం అందరికీ ఒక్కసారే పని గుర్తొచ్చింది.

ఆ వారంలోనే ఆవిడకి రిపోర్టు ఆఫీసరని కొత్త హోదా వచ్చింది. ఇకనుంచి రిపోర్టులు ఊరికే టైపు చెయ్యడం కాదు, కింద సంతకం కూడా ఆవిడదే. పేరు అచ్చేసిన కార్డులు ఒక పెట్టెడు ఇచ్చారు. ఇంటాయన ఒక కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకుని అడిగినవాడికీ అడగనివాడికీ చూపించాడు.

ఏడో వారంలో ప్రసూతి ఆసుపత్రి లిఫ్టు చీటీ వచ్చింది. బాబాయి చేతిరాతే. ‘ఐదంతస్తులు. తాళ్ళు నాలుగింట్లో రెండు పాడు. ఒక దాంట్లో తీగలు పదకొండు తెగాయి. బ్రేకు జారుతోంది. వెంటనే ఆపాలి.’ చివరి మాట కింద పెన్సిలు విరిగేంత గట్టిగా గీత గీశాడు. ఆ రిపోర్టు మేనేజరు పక్కన కూర్చుని రాయించాడు. పదకొండు తీగలు కాస్తా సూపర్‌ఫీషియల్ అయ్యాయి, జారే బ్రేకు మార్జినల్ అయింది. వెంటనే ఆపాలన్నది ఎక్కడా రాలేదు.

"సార్, బాబాయి ఆపాలన్నాడు కదా?" అంది ఆవిడ.

"మెకానిక్కుని అడిగితే ఊళ్ళో లిఫ్టులన్నీ ఆపమంటాడమ్మా. తాడు ఒక్కటి గట్టిగా ఉన్నా చాలు, నాలుగూ ఉత్త జాగ్రత్తకి. నువ్వు రాసిన వాక్యం చూసుకో, ఎంత హుందాగా ఉందో!"

చూసుకుంది. నిజంగానే హుందాగా ఉంది. సంతకం పెట్టింది. చీటీని మాత్రం చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాక సొరుగులో పడేసింది. మర్నాటికి ఆ సొరుగులో చీటీ లేదు.

ఆఫీసు కిందనే ఒక జిరాక్సు కొట్టుంది. అందులో కూర్చునే ఆవిడని వీధంతా మూగమ్మ అంటారు. మూగదేం కాదు. కాగితం తీసుకుంటుంది, కాపీ తీస్తుంది, చిల్లరిస్తుంది, అంతే, ఆ నోట మాట రాలిందని చెప్పినవాడు లేడు. ఎనిమిదో వారం బుధవారం నాడు చంటిది తనకీ ఒక కాపీ కావాలని పేచీ పెడితే, టైపిస్టు ఆ రోజు మాటల కాగితం తీసుకుని ఆ కొట్టుకి వెళ్ళింది. మూగమ్మ కాగితం అద్దం మీద పెట్టబోయి ఆగింది. పైనుంచి కిందికి చదివింది. తలెత్తకుండా, "రేపటివి చెప్పనా?" అంది.

టైపిస్టుకి ఒక్క క్షణం ఎవరు మాట్లాడారో అర్థం కాలేదు.

"నెగ్లిజెన్స్. కల్పబుల్. రిమోర్స్. ఓవర్‌సైట్. కన్సీల్. ఎగ్జానరేట్..." చిన్న పిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు పదీ గడగడా చెప్పేసింది. ఇంతలో మెట్ల మీద మేనేజరు చెప్పుల చప్పుడు వినిపించింది. మూగమ్మ నోరు ఠక్కున మూతపడింది. కాపీ తీసి చేతిలో పెట్టి, ఆవిడ ఎవరో తెలియనట్టు పక్కకి తిరిగింది.

గురువారం పొద్దున టైపిస్టు బల్ల దగ్గరికి వెళ్ళడానికే జంకింది. కాగితం ఉంది. నెగ్లిజెన్స్. కల్పబుల్. రిమోర్స్. పక్కన తెలుగులో నిర్లక్ష్యం, దోషి, పశ్చాత్తాపం. అదే వరస, ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. మేనేజరు ఏదో అచ్చు పుస్తకంలోంచి రాసిస్తుంటాడు, మూగమ్మ కూడా అదే పుస్తకం చదివి ఉంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. అయినా మనసాగక మధ్యాహ్నం కిందికి దిగింది. కొట్టు మూసి ఉంది. సాయంత్రమూ మూసే ఉంది. శుక్రవారమూ తియ్యలేదు.

శుక్రవారం అంశం ఇది. పనిలో ఘోరమైన తప్పు చేసిన ఒక ఉద్యోగి తన పై అధికారికి రాసుకునే క్షమాపణ ఉత్తరం.

"పొడిపొడిగా రాయకు. నీకు తెలిసిన పనే తీసుకో, అప్పుడే ప్రాణం వస్తుంది. లిఫ్టు అనుకో. ఆ ప్రసూతి ఆసుపత్రి లిఫ్టే అనుకో, ఉదాహరణకి," అన్నాడు మేనేజరు, అదే గొంతుతో.

కలం పట్టుకోగానే మన టైపిస్టుకి నిన్నటి భయమంతా ఎగిరిపోయింది. రాత పిచ్చి అలాంటిది మరి. ఆ ఉద్యోగి ఎలా ఏడుస్తుందో, రాత్రుళ్ళు ఎలా నిద్రపట్టదో అన్నీ ఊహించింది. మెకానిక్కు ఆపమని చీటీ ఇస్తే తాను దాన్ని పై అధికారికి చూపించకుండా కన్సీల్ చేసిందట. ఆయనకేమీ తెలియదు కాబట్టి ఆయన్ని అందరూ ఎగ్జానరేట్ చెయ్యాలట, అంటే ఏ తప్పూ లేదని వదిలెయ్యాలట. నెగ్లిజెన్స్ తనది, కల్పబుల్ తాను, రిమోర్స్ చచ్చేదాకా పోదట. పది మాటలూ ఒక్కటీ అతికించినట్టు లేకుండా అల్లేసింది. కింద సంతకం పెట్టింది. తేదీ వదిలేసింది. మేనేజరు అక్కడే నిలబడి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇన్నాళ్ళలో ఇదే నీ మంచి రచన," అన్నాడు. ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు.

శనివారం ఒంటిపూట ఆఫీసు. వెళ్తూ చూస్తే జిరాక్సు కొట్టు తీసి ఉంది. మూగమ్మ టైపిస్టు కోసమే కాచుక్కూర్చున్నట్టు లేచి నిలబడింది.

"నిన్న ఉత్తరం రాయించాడా?"

"ఏ ఉత్తరం?" అంది టైపిస్టు. అంటూనే ఆఫీసు మెట్ల వైపు చూసింది.

"రాశావన్నమాట." మూగమ్మ కుర్చీలో కూలబడింది. "రెండు రోజులూ కోర్టులో ఉన్నాను. వాయిదా. లేకపోతే గురువారమే చెప్పేదాన్ని."

ఆ పైన ఆవిడ చెప్పింది వింటుంటే టైపిస్టు పైప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళై వెళ్ళిపోయిన అమ్మాయి ఈవిడే. పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. ఈవిడకీ వానా, కిటికీ, చుట్టం, అన్నీ అదే వరసలో నేర్పాడు. ఈవిడ సంతకం పెట్టిన లిఫ్టు ఒక బట్టల షాపులోది. నాలుగో అంతస్తు నుంచి జారింది, ఇద్దరు పోయారు. పోలీసులొచ్చినప్పుడు మేనేజరు కన్నీళ్ళు పెట్టుకుని ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. ఈవిడ చేతిరాత, ఈవిడ సంతకం, ప్రమాదం జరిగిన మర్నాటి తేదీ.

"అది ఇంగ్లీషు నేర్చుకోవడానికి రాసిందని చెప్పలేదా?"

"చెప్పకుండా ఉంటానా? వాన మీద రాసింది, కిటికీ మీద రాసింది, ఎర్ర సిరాతో సహా పట్టుకెళ్ళి చూపించాను. ఇంత ఇంగ్లీషు వచ్చినదానివి, దేని కింద సంతకం పెడుతున్నావో తెలియదంటే ఎవరు నమ్ముతారమ్మా, అన్నారు."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు? రెండు నెలలుగా నీ కొట్టు ముందునుంచేగా వెళ్తున్నాను!"

"నువ్వు వాళ్ళ మనిషివి కాదని నాకెలా తెలుస్తుంది? నిన్ను తెచ్చింది మీ బాబాయేగా!"

టైపిస్టు గిరుక్కున తిరిగి మెట్లెక్కింది. మూడంతస్తులూ ఎలా ఎక్కిందో తెలియదు. తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, "సార్, నిన్నటి పేజీ ఒకసారి ఇస్తారా, రెండు తప్పులున్నాయి," అంది.

"తప్పులేం లేవమ్మా. నేను చూశాగా."

"మా అమ్మాయికి చూపించాలి సార్."

"పిల్లలకి చూపించేదా అది? నా దగ్గర భద్రంగా ఉంటుందిలే." గొంతు ఒక్క పిసరు కూడా మారలేదు. "సోమవారం నుంచి కొత్త మాటలుండవు. నీకు నేర్పాల్సింది అయిపోయింది."

మిగతా పేజీలన్నీ సోమవారానికల్లా తిరిగొచ్చేవి. ఇది రాదు. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడుతోంది. ఆవిడ నవ్వుమొహం పెట్టి బయటికొచ్చింది. ఆ నవ్వు ఎలా పెట్టిందో ఆవిడకే తెలియాలి.

బాబాయి మెకానిక్కుల గదిలో గ్రీజు డబ్బాలు సర్దుకుంటున్నాడు. ఆవిడ తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"కింద ఆ అమ్మాయి సంగతి నీకు తెలుసా బాబాయ్?"

బాబాయి డబ్బా కింద పెట్టాడు.

"ఆ బట్టల షాపు లిఫ్టు చూసింది ఎవరు?"

"నేనే చూశానమ్మడూ. ఆపమనే రాశాను."

"మరి పోలీసులడిగితే ఏం చెప్పావు?"

బాబాయి చేతిగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "నాకు ఇంగ్లీషు రాదు కదా తల్లీ. ఆవిడేం టైపు చేసిందో నాకేం తెలుసు అన్నాను. చీటీ సంగతి వాళ్ళడగలేదు. నేను చెప్పలేదు."

"రాదు కాబట్టి నువ్వు బయటపడ్డావు! అన్నీ తెలిసి నన్ను తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టావు!" ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "నీ అన్న కూతుర్ని బాబాయ్ నేను! నీకేం అన్యాయం చేశాను?"

"నమ్మకమైన మనిషి కావాలంటే, టైపు ఒక్కటేగా అనుకున్నాను. నీకు ఉద్యోగం లేదని వదిన ఏడుస్తుంటే... ఆ మాటల కాగితం చూసిన రోజే చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు." ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అవి చూసి ఆవిడకి జాలి కలగలేదు, ఒళ్ళు మండింది.

"పద. ఆ ఆసుపత్రి లిఫ్టు ఆపుదాం."

బాబాయి అదిరిపడ్డాడు. "పిచ్చా నీకు? ఆపితే ఎందుకాపావంటారు. రిపోర్టులో అంతా బాగుందిగా అంటారు. అప్పుడాయన ఆ కాగితం తీస్తాడు. చీటీ నువ్వు దాచావని నీ చేత్తోనే రాసిచ్చావు. ఈ రోజే తీస్తాడు తెలుసా? ఊరుకుంటే ఏమో, తాడు ఇంకో ఏడాది ఆగుతుందేమో. అసలు తెగదేమో."

ఆవిడ వినకపోలేదండీ, విన్నది. చంటిది, ఇంటాయన జేబులో కార్డు, ముందు బెంచీ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఊరుకుంటే ఇవాళ్టికి ఏమీ కాదు. రేపటికీ కాకపోవచ్చు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవచ్చు. ఎప్పుడో ఒకరోజు ఫోను మోగేదాకా రోజూ అలాగే పడుకోవచ్చు.

"రెండు తాళ్ళు పాడు అన్నావు. బ్రేకు జారుతోంది అన్నావు. నిజమేనా?" అంది.

"నిజమే."

"అయితే పద."

ప్రసూతి ఆసుపత్రి రెండు వీధుల అవతల. లోపల ఎటు చూసినా నిండు గర్భిణులూ, పసికందులూ, సంచులు మోసే బంధువులూ. లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఎనిమిది మంది దిగుతున్నారు, ఎనిమిది మంది ఎక్కుతున్నారు. దిగేటప్పుడు లిఫ్టు బయటి నేల కన్నా రెండంగుళాలు కిందికి జారి ఆగుతోంది. అందరూ అలవాటుగా కాలెత్తి దాటుతున్నారు. అలా దాటుతూ ఒక నర్సు చేతిలో పాలసీసాల ట్రే ఘల్లుమంది. సూపర్‌ఫీషియల్ అంటే ఇదీ.

లిఫ్టు మిషను గది డాబా మీద. బాబాయి తాళం తీశాడు, అంతే, గడప దాటి లోపలికి రాలేదు. లోపల గ్రీజు వాసన, పెద్ద చక్రం, దాని మీదుగా నాలుగు ఇనప తాళ్ళు. పాడైన తాడుని ఎవరూ చూపించక్కర్లేదు, తెగిన తీగలు ముళ్ళలా పైకి లేచి ఉన్నాయి. చక్రం తిరిగినప్పుడల్లా అవి అంచుకి గీసుకుని సన్నగా కీచుమంటున్నాయి. ఆవిడ ఆ చప్పుడు కాసేపు వింది. ఆ చప్పుడుకి ఇంగ్లీషులో ఏమంటారో ఆవిడకి తోచలేదు, తోచనక్కర్లేదు కూడా.

"ఏది మెయిన్ స్విచ్చు?"

బాబాయి గడ్డంతో చూపించాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు. "కింది అంతస్తులో ఖాళీ అయి తలుపు తెరిచి ఉన్నప్పుడు ఆ ఎర్ర లైటు ఆరుతుంది. అప్పుడు దించు. మధ్యలో దించావంటే జనం ఇరుక్కుపోతారు. నేను ముట్టుకోను తల్లీ. నన్నడక్కు."

లైటు వెలిగింది, ఆరింది. మళ్ళీ వెలిగింది. నాలుగోసారి ఆరి, రెండు క్షణాలు అలాగే ఉంది. ఆవిడ రెండు చేతులతో హ్యాండిల్ కిందికి లాగింది. చక్రం ఆగిపోయింది. కీచుమనే చప్పుడూ ఆగిపోయింది. తిరిగి చూస్తే బాబాయి అక్కడ లేడు. తాళంచెవి గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆవిడ తాళం వేసి చెవి చేతిలో బిగించుకుంది. మెట్లు దిగుతుంటేనే కింది నుంచి కేకలు మొదలయ్యాయి. చేతిసంచిలో ఫోను మోగింది. మేనేజరు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆసుపత్రి వాళ్ళు అప్పుడే ఫోను చేసుంటారు. ఈపాటికి ఆయన బీరువా దగ్గరికి నడుస్తూ ఉంటాడు, ఎక్కడా తొందర లేకుండా.

ఐదో అంతస్తులోని పురుళ్ళ గదికి ఎక్కుతున్నవాళ్ళు మూడో అంతస్తు మలుపు దగ్గర ఎదురొచ్చారు. నొప్పులు పడుతున్న ఒక చిన్నపిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయో లేదో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పళ్ళు బిగబట్టుకుంది. కుర్చీని ముగ్గురు మోస్తున్నారు. మొగుడు కాబోలు, ఒకవైపు. ఆసుపత్రి ఆయా ఇంకోవైపు. వెనక ఆ పిల్ల తల్లి ఒక్కతే రెండు కాళ్ళ బరువూ మోస్తూ రొప్పుతోంది. కుర్చీ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా పిల్ల కెవ్వుమంటోంది.

"ఏ పాపిష్టి వెధవ ఆపాడమ్మా ఆ లిఫ్టు!" అని తల్లి శాపనార్థాలు మొదలుపెట్టింది. "వాడి చేతులు పడిపోను! వాడి ఇంట్లో ఆడది లేదా? ఎవడు ఆపాడో చెప్పండి, వాడి పీక పిసుకుతాను!"

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా ఎవరు, ఎవరు అంటున్నారు. ఎవరో కరెంటు పోయిందన్నారు. ఎవరో మిషను చెడిందన్నారు. అలా అనుకోనిస్తే సరిపోయేది. సంచిలో ఫోను మోగుతూనే ఉంది.

"నేనేనండీ. నేనే ఆపాను," అంది టైపిస్టు.

ఆయా ఆవిడని ఎగాదిగా చూసింది. కుర్చీ పట్టిన మొగుడు కుర్రాడి కళ్ళు ఎర్రబడ్డాయి. కొడతాడేమో అనుకుంది, కొట్టినా నిలబడాలనుకుంది. అప్పుడే పిల్లకి ఇంకో నొప్పి వచ్చి కుర్చీ కుడివైపుకి ఒరిగింది. టైపిస్టు తాళంచెవి నోట కరుచుకుని, ముందుకి వంగి, ఖాళీగా ఉన్న నాలుగో కాలు పట్టుకుంది. ఇంకా రెండంతస్తులున్నాయి.